కాపు కట్టిన చెయ్యి

"ద్రౌపది పోయినాడు పాపా" అని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను తిరుపతిలో, మా స్కూలు స్టాఫ్‌రూములో తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. ఫోను స్పీకర్లో ఉంది. పక్కనున్న టీచరమ్మ "ద్రౌపది పోయినాడేంది?" అని పకపకా నవ్వింది. తెలియక నవ్విందని నాకు తెలుసు. అయినా చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. ఆ మనిషి కొట్టు ఎదురుగా పెరిగినదాన్ని, ఆ మాత్రం అంటకుండా ఉంటుందా.

మా ఊరు వడమాలపేట దాటినాక పుత్తూరు దారిలో, రోడ్డు నుంచి కొండవైపు కొంచెం లోపలికి ఉంటుంది. ఊళ్ళో ఆయన్ని సొంత పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి లేరు. మగవాళ్ళకు ద్రౌపది, అమ్మకు ద్రౌపదన్న, నాకు ద్రౌపది మామ. చేసేది పొట్టేళ్ళు కోసే పని. తూర్పు వీధీ మా పడమటి వీధీ కలిసే మూలలో, సరిగ్గా మా వాకిలికి ఎదురుగా ఆయన మాంసం కొట్టు. నడుం దాకా జుట్టు. దాన్ని ముడివేసి, ముడిలో దువ్వెన గుచ్చి, చొక్కా లేకుండా కూర్చుని మచ్చుకత్తితో తొడ ఎముకలు నరుకుతుంటే దెబ్బదెబ్బకీ మా ఇంటి కిటికీ అదిరేది. ఏటా భారతంలో ద్రౌపది వేషం కట్టేది ఈ మనిషే. ఆ జుట్టు అందుకోసం పెంచింది. సవరం పెట్టుకొమ్మంటే ఉగ్రుడైపోయేవాడు.

ఒకసారి మోటారు సైకిల్ మీద పోతూ ఒక కుర్రాడు సరదాకి వెనకనుంచి ఆ ముడి పట్టి గుంజాడు. బండి పది గజాలు పోకముందే మామ అందుకున్నాడు. ఒక్కటే దెబ్బ, అరచేత్తో. బండి ఒక పక్క, వాడొక పక్క. వాడి పన్ను ఊడి దుమ్ములో పడింది. మామ దాన్ని వెతికి, చెంబునీళ్ళతో కడిగి, వాడి చేతిలో పెట్టాడు. "ఇంటికి తీసకపొయ్యి మీయమ్మకియ్యి. ద్రౌపది జుట్టు పట్టుకున్యా అని సెప్పు. ఆయమ్మ ఇంగోటి ఇస్తాది" అన్నాడు.

"కొట్టినాక మాట్లాడితే మాట బాగా ఎక్కతాది అబ్బా" అనేది ఆయన సిద్ధాంతం. తాగి గోల చేసేవాళ్ళను కొట్టేవాడు. తూకంలో అనుమానపడ్డవాణ్ణి కొట్టేవాడు. సొంత తమ్ముణ్ణి కొట్టాడు. ఇప్పుడు పోయాడు కదా అని ఆ దెబ్బలకు పూలదండలు వేయడం నాకు చేతకాదు. ఆయన దెబ్బలు తిన్నవాళ్ళలో తప్పు చేసినవాళ్ళూ ఉన్నారు, చేయనివాళ్ళూ ఉన్నారు. పెళ్ళాన్నీ కొట్టాడు. నేను పుట్టకముందే ఆమె వాచిన మొహంతో బస్సెక్కి తడ దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. పులికాట్ ఒడ్డున ఎండుచేపలు అమ్ముకుంటోందని చెప్పుకునేవాళ్ళు. అది అందరికీ తెలిసిన సంగతే. ఆయన ముందు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు, ఎవరి పళ్ళు వాళ్ళకు ముద్దు.

ఇలాంటి మనిషి ఏడాదిలో కొన్నాళ్ళు ఈగను కూడా కొట్టేవాడు కాదంటే మా ఊరి భారతం గురించి చెప్పాలి. చుట్టుపక్కల చాలా ఊళ్ళలో ధర్మరాజుల గుడి ఉంది, ఎండాకాలంలో భారతం జరుగుతుంది. వాళ్ళు నాటకానికి బయటినుంచి మేళాన్ని పిలిపించుకుంటారు. మా ఊళ్ళో వేషాలు మేమే కడతాం. దానికో కారణం చెప్పేవాళ్ళు పెద్దలు. ఒకప్పుడు కాలవ నీళ్ళకోసం తూర్పు వీధి, పడమటి వీధి పారలతో తలలు పగలగొట్టుకునేవట. ఒకనాటి గొడవలో రెండు వీధుల్లోనూ పాడెలు లేచాయి. అప్పుడు గుడి ముందు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. తూర్పు వీధి పాండవులు, పడమటి వీధి కౌరవులు. ఏడాదికొకసారి భారతం మిట్ట మీద కొట్టుకోండి, చంపుకోండి, మిగతా రోజులు మడికయ్యలకు నీళ్ళు కట్టుకోండి అని. ఏ ఇంటి వేషం ఆ ఇంటిది, తండ్రి తర్వాత కొడుకుది. మా ఇంటి వేషం దుశ్శాసనుడు. మా నాయనకు అది బాగా కుదిరింది. మేకప్ కూడా పెద్దగా అక్కర్లేదని అమ్మ అనేది.

వేషగాళ్ళందరికీ గుడిలో కుడి మణికట్టుకు పసుపుదారం కట్టేవాళ్ళు. దాన్ని కాపు అంటారు. కాపు కట్టింది మొదలు గుండం తొక్కి, అంటే నిప్పుల మీద నడిచి, దాన్ని విప్పేదాకా మాంసం లేదు, మందు లేదు, మనిషి మీద చెయ్యి ఎత్తకూడదు. మామ మచ్చుకత్తిని కడిగి, పాత పంచెలో చుట్టి గుడిలో అప్పజెప్పేవాడు. గొంతు తగ్గించేవాడు. ఈగ వాలితే ఊదేవాడు. ఏడాదంతా ఆయన చేతిలో తన్నులు తిన్నవాళ్ళకు అదే అదను. కొట్టు ముందు నిలబడి తల్లినీ చెల్లినీ కలిపి తిట్టేవాళ్ళు. మామ గడప మీద కూర్చుని జుట్టు చిక్కు తీసుకుంటూ వినేవాడు. "తిట్టుకో నాయనా, తిట్టుకో. కాపు ఇప్పేదాకా నీదే రాజ్యిం" అనేవాడు. తిట్టేవాడి గొంతు ఆ మాటతో కొంచెం దిగేది.

ఆయనకు చీర కట్టేది మా అమ్మ. మగవాళ్ళు కడితే కుచ్చిళ్ళు నిలవవని ఆయనే వచ్చి అడిగాడట. భర్త దుశ్శాసనుడు, భార్య ద్రౌపదికి చీర కట్టేది. నెత్తురు మరకలు పోని గోళ్ళతో ఆ మనిషి చేతులు రెండూ పక్కకు చాచి బొమ్మలాగా నిలబడేవాడు. అమ్మ నోట్లో పిన్నీసు పెట్టుకుని చుట్టూ తిరిగేది. "అన్నా, కదలొద్దు" అంటే ఊపిరి కూడా బిగబట్టేవాడు. అమ్మ మాట అంతగా విన్న మగవాణ్ణి నేను అప్పటివరకూ చూడలేదు.

నేను డిగ్రీ చివరి ఏడు చదువుతుండగా భారతం మధ్యలో, వస్త్రాపహరణానికి ముందురోజు, మా నాయన అమ్మ చెయ్యి విరగ్గొట్టాడు. కారణం అన్నం ఆలస్యం. అమ్మ గుడిలో పసుపు దంచడానికి పోయి వచ్చి అప్పుడే ఎసరు పెట్టింది. నాయన సంగటి గెలికే కట్టె తీసుకున్నాడు. తలమీద పడబోయే దెబ్బకు అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడయింది. మళ్ళీ ఎత్తాడు. నేను వెనకనుంచి ఆయన చొక్కా పట్టుకుంటే మోచేత్తో నా మూతి మీద కొట్టాడు. నా నోరంతా రక్తం. కట్టె ఎత్తిన ఆ మణికట్టుకు పసుపుదారం ఉంది.

అరుపులకు మామ పరుగున వచ్చాడు. గడప దగ్గర ఆగిపోయాడు. లోపలికి వస్తే కొడతానని ఆయనకే భయమనుకుంటాను, ద్వారబంధాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. మెడ నరాలు తాళ్ళలాగా లేచాయి. "అబ్బా, కట్టె కింద పెట్టు" అన్నాడు.

"నా ఇల్లు, నా పెండ్లాం. నీకేంది రా?" అన్నాడు నాయన. మామ చేతికి కాపు ఉందన్న ధైర్యం ఆ మాటలో వినిపించింది.

మామ నావైపు తిరిగాడు. "పాపా, మీయమ్మను పట్టుకోని రా" అన్నాడు నాతో. అమ్మను మోపెడ్ మీద కూర్చోబెట్టుకుని పుత్తూరు కట్టు కట్టించుకుని తీసుకొచ్చాడు.

మర్నాడు నాటకం పొద్దు గూకకముందే మొదలైంది. మైకు పెందలాడే ఆపేయాలని పోలీసుల షరతు. మిట్ట నిండా జనం. అమ్మ చెయ్యి మెడకు వేలాడేసుకుని ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. ఇంట్లో ఉండమ్మా అంటే వినలేదు. ద్రౌపది వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎక్కడివక్కడ జారిపోతున్నాయి. ఎవరు కట్టారో ఏమో, బస్తాకు గోనె చుట్టినట్టు ఉంది. ఆడవాళ్ళంతా అమ్మ చేతివైపు చూశారు. ఎందుకు అలా ఉందో ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది.

ఇక్కడొక పద్ధతి ఉంది. ద్రౌపది అంటే మాకు గుళ్ళో అమ్మవారు. ఆమె చీర ముట్టుకోబోయే ముందు దుశ్శాసనుడి వేషగాడు కర్పూరం వెలిగించి, ఆమె కాళ్ళమీద పడి, "తల్లీ, ఈ చెయ్యి నాది గాదు, వేషానిది. మన్నించు" అనాలి. ఆమె "మన్నించినా, నీ పని కానీ" అనాలి. అప్పుడే కథ కదులుతుంది. నేను చూసినంతకాలం అది ఊరికే జరిగిపోయే ముచ్చట. జనం ఆ సమయానికి వేరుశనక్కాయలు కొనుక్కోవడానికి లేచేవాళ్ళు.

మా నాయన కర్పూరం వెలిగించాడు. కాళ్ళమీద పడ్డాడు. "తల్లీ, ఈ చెయ్యి నాది గాదు, వేషానిది" అన్నాడు.

మామ కిందికి చూశాడు. "నిన్న నా సెల్లెలి చెయ్యి ఇరిసిన చెయ్యి ఎవురిదబ్బా?" అన్నాడు. మైకులో.

వేరుశనక్కాయలకు లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. నాయన తలెత్తి, పళ్ళ సందునుంచి "ఇది నాటకం రా. మన్నించినా అను" అన్నాడు. అదీ మైకులో పడింది.

"కాపు కట్టిన చేత్తో కొట్టినావు. నేను మన్నించేది ల్యా. ఆడ కూసోనుండాది సూడు, ఆయమ్మ కాళ్ళు పట్టుకో. ఆయమ్మ సరేనంటే వచ్చి సీర పట్టు."

ఊరు అప్పుడు ఉలిక్కిపడింది. మా అమ్మ చెయ్యి విరిగిందని కాదు. కాపు చెడిందని. చీర లాగకపోతే ద్రౌపది శపథం లేదు, శపథం లేకపోతే దుర్యోధన వధ లేదు, వధ లేకపోతే గుండం లేదు, గుండం తొక్కకపోతే వాన పడదు. ముందురోజు అమ్మ కేకలు విని తలుపులు వేసుకున్నవాళ్ళే ఇప్పుడు వానకోసం ఏడుపు మొదలుపెట్టారు. ఆ ఊరంటే నాకు ఇష్టమే. ఆ సాయంత్రం మాత్రం అసహ్యించుకున్నాను.

నాయన లేచాడు. లేస్తూనే మామ జుట్టు చేతికి రెండు చుట్లు చుట్టి ఒక్క గుంజు గుంజాడు. నాటకంలో అలా గుంజరు, గుంజినట్టు నటిస్తారు. మామ మోకాళ్ళమీద పడ్డాడు. నాయన ఈడ్చాడు. కడుపులో తన్నాడు. ఇంకో గుంజుకు జుట్టు తోలుతో సహా ఊడి చేతికి వచ్చింది. మొహానికి వేసిన పసుపురంగు మీద రక్తం గడ్డం దాకా దిగింది. పొట్టేలు మెడను ఒక్క చేత్తో వెనక్కి వంచే మనిషి, రెండు చేతులూ నేలకు ఆనించి, దెబ్బ తర్వాత దెబ్బ తింటూ ఉన్నాడు. "కొట్టబ్బా. ఎంత కొడితే అంత కొట్టు. సీర మాత్రం ముట్టుకో సూద్దాం" అన్నాడు.

నాయన చీర ముట్టుకోలేకపోయాడు. అంత కోపంలోనూ ఆ ధైర్యం ఆయనకు లేదు.

ఈలోగా భీముడు గద పట్టుకుని దూకాడు. తూర్పు వీధి అతని వెనక ఎక్కింది, పడమటి వీధి ఎదురెక్కింది. హార్మోనియం గాల్లో లేచి ఎవరి భుజం మీదో పగిలింది. మా చిన్నాయన చెవి తెగి వేలాడింది. కిరీటాలు కాళ్ళ కింద నలిగాయి. పెద్దలు కుదిర్చిన ఒప్పందం ఇంక తెగిపోయినట్టే అనుకున్నాను. అప్పుడు మామ రక్తం మింగుతూ మైకు అందుకుని అరిచాడు. "ఎవుడన్నా ఇంగో దెబ్బ కొడితే నేను ఇప్పుడే కాపు తెంపుతా. అమ్మోరి వేషం మీరే కట్టుకోండి, గుండం మీరే తొక్కుకోండి." చేతులు ఒక్కొక్కటే దిగాయి.

గుడి పెద్ద అమ్మ దగ్గరికి వచ్చాడు. వెనక ఊరంతా. మా నాయనను ఇద్దరు రెక్కలు పట్టి తెచ్చి అమ్మ కాళ్ళ దగ్గర నిలబెట్టారు. ఆయన వంగలేదు. ఇద్దరూ మెడ మీద చేతులు వేసి వంచారు.

"ఒక్క మాట సెప్పమ్మా. మన్నించినా అను. ఊరు బాగుపడతాది" అన్నాడు గుడి పెద్ద.

అందరూ చూస్తున్నారు. అమ్మ నలుగురు మగవాళ్ళ ముందు నోరు విప్పడం నేనెరగను. ఒప్పుకుంటుందనే అనుకున్నాను. అమ్మ కొంగు సర్దుకుంది.

"నేను మన్నించను. నాటకం నిలపొద్దు. ఆ వేషం ఇంగొకరికి కట్టండి" అంది.

మా నాయన భుజకీర్తులు అక్కడే విప్పారు. చెవికి గుడ్డ కట్టుకుని చిన్నాయన వాటిని కట్టుకున్నాడు. ఆ వేషం మళ్ళీ మా ఇంటికి రాలేదు. దుర్యోధన వధ రోజు పొద్దున, మిట్ట మీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి తొడ భీముడు పగలగొట్టాక, మామ ఆ తొడలో నెత్తురని పోసిన ఎర్రనీళ్ళు తీసి తలకు పూసుకున్నాడు. పచ్చి పుండు మీద. పూనకంలో కేకలు వేస్తూ, అమ్మవారి దీవెనగా చీపురు పొరకతో జనాన్ని బాదుతూ పరిగెత్తాడు. ఆ కేకలు అమ్మవారివో, మంటకో నాకు తెలియలేదు.

గుండం తొక్కి, కాపు విప్పగానే మామ నేరుగా మా వాకిలికి వచ్చాడు. కాళ్ళకింకా బూడిద ఉంది. నాయన పెరట్లో ఆవుల కొట్టంలోకి పోయాడు. మామ రెండు అరచేతులూ ఒకదానితో ఒకటి రుద్దుకుంటున్నాడు. "మ్మే, ఇప్పుడు కాపు ల్యా. నువ్వు ఊ అను, వాని రెండు చేతులూ ఇరిసి నీ ముందర పెడతా" అన్నాడు.

నేను ఊ అనమ్మా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, దాచుకునేదేమీ లేదు.

అమ్మ అంది, "కొట్టేవాడు ఇంట్లో ఒకడుండాడు, సాలు. నువ్వు నీ పెండ్లాన్ని కొట్టి తరిమినావు గదన్నా. ఆ యమ్మ కాళ్ళు ఎప్పుడన్నా పట్టుకున్యావా?"

మామ మొహం చూడలేకపోయాను. వెనక్కి తిరిగాడు. మా ప్రహరీ గోడను పిడికిలితో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. వేళ్ళ కణుపులు పగిలి సున్నం ఎర్రబడేదాకా కొట్టి, పోయి కొట్టు తలుపు తీసుకుని లోపల కూర్చున్నాడు. ఆరోజు మాంసం కోయలేదు.

మరుసటేడు నుంచి కాపు కట్టించుకునే ముందు ఒకసారి తడకు పోయి వచ్చేవాడు. అమ్మ మొదట్లో అడిగేది, ఏమనింది అని. "ఏమీ అన్లా" అనేవాడు. ఇంకో ఏడు, "సేపలు కడిగిన నీళ్ళు నెత్తిన పోసింది మ్మే, సూడు, ఇంగా కంపు పోలా" అని తల వంచి చూపించి నవ్వాడు. జుట్టు ఊడినచోట మళ్ళీ మొలవలేదు. చేతి దురుసు మాత్రం పూర్తిగా పోలేదు, తగ్గింది. మా నాయన మారిపోయాడని రాస్తే బాగుంటుంది. మారలేదు. చెయ్యి లేపేవాడు, ఎదురు కొట్టులో మచ్చుకత్తి చప్పుడు ఆగేది, చెయ్యి దిగేది. తర్వాత్తర్వాత వయసు వచ్చి దించింది.

నేను ఊరు చేరేసరికి మామను కొట్టు ముందే పడుకోబెట్టారు. పొద్దున షట్టరు ఎత్తుతూ గుండె ఆగిందట. రెండు వీధులూ ఉన్నాయి. మా నాయన కూడా వచ్చి వెనకగా కుర్చీలో కూర్చున్నాడు. మధ్యాహ్నానికి తడ నుంచి ఆమె వచ్చింది. నల్లగా, గట్టిగా, ఎండకు ఆరిన మనిషి. ఊళ్ళో సగంమంది ఆమెను చూడటం అదే మొదలు. చేయవలసినవన్నీ చేసింది. నోట్లో బియ్యం వేసింది. ఏడవలేదు.

గుడి పెద్ద ఇప్పుడు ముసలివాడు, కర్ర ఊతంతో వచ్చాడు. "తల్లీ, ఏటా నీకాడికి వచ్చినాడంట. ఒక్క మాట, మన్నించినా అను. సల్లగా పోతాడు" అన్నాడు.

ఆమె ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "వచ్చినాడు. నేను రమ్మన్లా. ఈయన సచ్చిపోతే నన్ను కొట్టింది కొట్టకుండా పోతాదా?" అంది.

ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. పాడె లేచాక ఆమె చేతిసంచి తీసుకుని రోడ్డువైపు నడిచింది. అమ్మ ఒక్కతే వెంట వెళ్ళి బస్సెక్కించి వచ్చింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

అమ్మ తలకు పోసుకుని వచ్చి వంటింట్లో పొయ్యి వెలిగించింది. నాయన గుమ్మం దగ్గర కూర్చుని కాసేపు గొణిగాడు. నన్ను చూసి, అమ్మకు వినబడేలా అన్నాడు. "అంత కసి ఏంది ఆ మనిషికి? సచ్చినోడి మింద గూడానా? ఎంత కసి ఉంటే అంతమాట అంటాది?"

"నాకెంత ఉండాదో అంతే" అంది అమ్మ, సంగటి గెలుకుతూ.

నాయన లేచి బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. అన్నానికి నేను రెండుసార్లు పిలిచాను, రాలేదు. అమ్మ పిలవలేదు. నాకు వడ్డించి, తనూ కంచం పెట్టుకుని, కడుపునిండా తినింది.